పాత కారుకు కొత్త రేడియేటర్

రోహిణి కార్తె ఎండలో నెల్లూరు నుంచి చెన్నై వైపు ప్రయాణం చేసినవారికి నాయుడుపేట దగ్గర ఒక దృశ్యం పరిచితమే. బానెట్ పైకెత్తి, ఆవిరి కక్కుతూ రోడ్డు పక్కన నిలిచిన కారు. దాని ముందు చేతిలో నీళ్ళ సీసాతో, ఏమి చేయవలెనో తోచక నిలబడిన యజమాని. చెట్టు నీడలో పిల్లలను కూర్చోబెట్టుకొని విసనకర్రతో విసరుకొంటున్న ఇల్లాలు. ఇక్కడ రెండు పెద్ద బాటలు కలుస్తున్నవి. ఒకటి కలకత్తా నుంచి చెన్నై పోయే రహదారి. ఒకప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. రెండవది శ్రీకాళహస్తి, తిరుపతి మీదుగా మదనపల్లెకు పోయే 71వ నంబరు బాట. స్వర్ణముఖి ఊరిని ఆనుకొనే ఉన్నది గాని, ఎండాకాలంలో అందులో కనిపించేది ఇసుకే. మనుషులకే నీళ్ళు వెతుక్కోవలసిన ఆ నెలలో బండ్లకూ అక్కడే దాహం వేస్తుంది.

ఈ ఊరిలో మా మిత్రులొకరు ఉన్నారు. వారిది బియ్యపు మిల్లు. మిల్లు ఆవరణలో, ఊక బస్తాల పక్కన, రేకుల షెడ్డులో 1965 నాటి ఎం.జి.బి. కారు ఒకటి ఉన్నది. రెండు తలుపులు, ఇద్దరికి చోటు, పైన మడిచిపెట్టే గుడ్డ టాపు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణంలో 1962 మొదలు 1980 వరకు ఈ జాతి స్పోర్ట్సు కార్లు 5 లక్షలకు పైగా తయారైనవి. అటువంటిది నాయుడుపేటకు ఎట్లా చేరినదని ఆశ్చర్యపడవచ్చును. ఆ రోజులలో విదేశీ కారును దిగుమతి చేసికొనడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు. విదేశీ దౌత్య కార్యాలయాలవారు వాడి విడిచిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేసేది. అట్లా వేలంలో అమ్ముడై, చేతులు మారి, 1970ల చివర ఈ కారు మా మిత్రుని తండ్రిగారి వద్దకు వచ్చినది.

పెద్దాయనకు ఇప్పుడు 84 ఏండ్లు. పడుచుతనంలో ఆయన చోళవరం కారు పందేలకు ఏటా పోయేవారట. చెన్నైకి ఉత్తరాన, ఇదే రహదారి మీద ఉన్న చోళవరంలో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన దారి ఒకటి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు ఎన్నో ఏండ్లపాటు అక్కడ పందేలు నడిపినారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన పందెపు బాట తయారైన తరువాత ఆ సందడి అంతా అక్కడికి మారిపోయినది. ఈ కారులో ఒక్కసారి చోళవరం దాకా పోయి రావలెనని పెద్దాయన కోరిక. దూరమెంత? సుమారు 80 కిలోమీటర్లు. కాని రెండేండ్లుగా ఈ కారు సూళ్ళూరుపేట దాటి ఎరుగదు. మూడుసార్లు బయలుదేరి, మూడుసార్లూ దారిలో ఉడికిపోయి, లారీ వెనుక తాడుతో ఇంటికి వచ్చినది. మూడవసారి మా మిత్రుడు విసిగి, “ఇంకొక్కసారి ఇట్లా జరిగితే అమ్మివేస్తాను నాయనా” అన్నారు. పెద్దాయన ఏమీ అనలేదట. ఆయన ఏమీ అనకపోవడమే భారమై మిత్రుడు మాకు ఫోను చేసినారు. మేము విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివినామన్న సంగతి ఆయనకు గుర్తున్నది. దానిని మరచిపోవడానికి ఇరవై ఏండ్ల రేడియో ఉద్యోగం చాలునన్న సంగతి ఆయనకు తెలియదు.

రేడియేటర్ అనే మాటకు, మీ ఇంటిలోని రేడియోకు పుట్టుక ఒక్కటే. రెండింటి మూలంలోనూ ‘కిరణం’ అనే అర్థం ఉన్నది. పేరు అట్లా ఉన్నా, కారులోని రేడియేటర్ కిరణాల రూపంలో వెదజల్లే వేడి చాల కొద్ది. అసలు పని గాలిది. ఇంజనులో మండిన పెట్రోలు ఇచ్చే శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రాలను తిప్పడానికి పనికివస్తుంది. మరొక మూడవ వంతు పొగతో బయటికి పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం నీటికి చేరుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతున్న ఇటువంటి చిన్న కారు కూడ, పది ఇస్త్రీపెట్టెలు ఒకేసారి కాలుతున్నంత వేడిని నీటిలోకి వదలుతుంది. ఆ నీరు సన్నని గొట్టాలగుండా దిగుతుంటే, గొట్టాల నడుమ ఉన్న రేకు రెక్కలను తాకుతూ పోయే గాలి ఆ వేడిని ఎత్తుకొనిపోతుంది. గాలి ఎంత వేడిని తీసికొనిపోతుందనేది నీటి వేడికి, గాలి వేడికి మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఇంగ్లండులో గాలి 20 డిగ్రీలు, నీరు 85 డిగ్రీలు అయితే తేడా 65. నాయుడుపేటలో మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలు ఉన్ననాడు తేడా 43. అంటే అదే రేడియేటర్ మన ఊరిలో మూడింట రెండు వంతులే పనిచేస్తుంది. ఇంగ్లండులో కొంత పూడిపోయినా సర్దుకొనిపోయే రేడియేటర్ ఇక్కడ క్షమించదు.

అయితే తప్పంతా కారును తయారుచేసినవారిదని అనలేము. ఇవే కార్లు కాలిఫోర్నియా ఎండలలోనూ తిరిగినవి. శుభ్రంగా ఉన్న పాత రేడియేటర్ మన ఎండకు కూడ చాలుననే మా అభిప్రాయం. ఈ కారుది శుభ్రంగా లేదు. ఆ సంగతి తేల్చినది మేము కాదు, శ్రీకాళహస్తి రోడ్డులో చిన్న షెడ్డు పెట్టుకొన్న రేడియేటర్ మేస్త్రీ.

ఆయనకు అరవై దాటినవి. పన్నెండవ ఏట పనిలో చేరినారట. కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ ఉన్నది. వేడి రేడియేటర్ మూత తీసిన ఒక డ్రైవరు పక్కన నిలబడి ఉండగా అయిన గాయం అది. ఇంజనును పది నిమిషాలు నడిపించి ఆపించినారు. రేడియేటర్ ముందుభాగం మీద అరచేయి ఆనించి, పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి జరిపినారు. నాడి చూసే వైద్యుని వలె కళ్ళు మూసుకొన్నారు. “ఈడ కాలతా ఉండాది, ఈడ చల్లగా ఉండాది సార్. చల్లగా ఉండే కాడ నీళ్ళు పోవడం లేదు” అన్నారు. చల్లని చోట్లు దాదాపు సగం. యాభై ఏండ్లు బోరు నీళ్ళు పోసినందువల్ల లోపల సున్నపు పొర కట్టినది. ఇంట్లో నీళ్ళు కాచే పాత్రలో అడుగున తెల్లగా పట్టే పొర ఇటువంటిదే.

రేడియేటర్ను విప్పి, పై తొట్టిని టంకం కరిగించి ఊడదీసి, ఒక్కొక్క గొట్టంలోనూ పలుచని ఉక్కు పట్టీని దూర్చి పూడు తీయడం పాత పద్ధతి. మేస్త్రీ అది చేసి చూసినారు. పూడు తీసేకొద్దీ గొట్టాలు కారడం మొదలుపెట్టినవి. ఆ సున్నమే ఇన్నాళ్ళు చిల్లులను కప్పి ఉంచినదన్నమాట. నడిమి భాగాన్ని మేస్త్రీలు ‘కోరు’ అంటారు. కొత్త రాగి కోరు కట్టించి, పాత ఇత్తడి తొట్లను దానికే అతికించడం ఉత్తమమని ఆయన అన్నారు. కాని ఈ కొలతకు కోరు కట్టేవారు ఇప్పుడు కొద్దిమంది. ఎప్పటికి వస్తుందో చెప్పలేనన్నారు. నేటి కార్లలో అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ తొట్లు బిగించి వస్తున్నవి. వాటికి టంకం పట్టదు, చెడితే పారవేయవలసినదే. ఒకప్పుడు లారీలు వరుస కట్టిన ఆ షెడ్డుకు ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టర్లు మాత్రమే వస్తున్నవి.

మా మిత్రునికి ఓపిక లేకపోయినది. ఈ జాతి కార్ల కోసం ప్రత్యేకంగా చేసిన అల్యూమినియం రేడియేటర్ను విదేశం నుంచి తెప్పించినారు. పెట్టె విప్పిననాడు అది వెండి పళ్ళెం వలె మెరిసిపోయినది. పెద్దాయన దానిని వేలితో మీటి చూసి, “బరువే లేదే” అన్నారు. ఆ మాటలో మెప్పు లేదు.

రాగి మేలా, అల్యూమినియం మేలా అని ఎవరైనా అడుగుతారు. వేడిని పారనిచ్చే గుణంలో అల్యూమినియం రాగికన్న బాగా వెనుకబడిన లోహమే. రాగికి సుమారు 400 అంకెలున్న లెక్కలో దానికి 235 దాకా మాత్రమే. అయినా పాత రేడియేటర్లో రాగి గొట్టానికి, రెక్కకు నడుమ సీసం, తగరం కలిసిన టంకం ఉంటుంది. అది వేడిని అంత బాగా పారనివ్వదు. అల్యూమినియం కోరులో గొట్టాన్ని, రెక్కను కొలిమిలో ఒకేసారి కరగి అతుక్కొనేటట్లు చేస్తారు. గొట్టాలు కూడ వెడల్పుగా పెట్టవచ్చును. కనుక వెరసి ఫలితంలో పెద్ద నష్టం లేదు, తరచు లాభమే. బరువు మాత్రం రాగిలో మూడవ వంతుకన్న తక్కువ. దాని బలహీనత వేరే ఉన్నది: ఉప్పు, సున్నం ఉన్న నీరు దానిని తినివేస్తుంది, రోడ్డు పక్కన దానికి మాటు వేసే మేస్త్రీ దొరకడు.

బిగించే పని ఒక ఆదివారం ఉదయం మొదలుపెట్టినాము. చూడడానికి సులభమైన పని. నీళ్ళు దించడం, పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రబ్బరు హోసు పైపులు ఊడదీయడం, రేడియేటర్ను మోస్తున్న రేకు తొడుగు బోల్టులు విప్పి మొత్తం పైకి ఎత్తడం. దాని ముందున్న ఆయిలు కూలర్ పైపులు ఆ తొడుగు గుండానే పోతవి గనుక వాటిని మెలిపడకుండా చూసికొనవలెను. మొదటి చిక్కు బోల్టు రంధ్రాల దగ్గర వచ్చినది. కుడివైపు రెండు సరిపోయినవి. ఎడమవైపు రెండు పెసరగింజంత ఎడంగా ఉన్నవి. మా మిత్రుడు రేడియేటర్ చెవిని కొద్దిగా వంచి లాగబోయినారు. మేస్త్రీ ఆయన చేయి పట్టుకొని ఆపినారు. లాగి బిగించిన అల్యూమినియం కొన్నాళ్ళు ఊరుకొని, గతుకుల రోడ్డులో ఒకనాడు అతుకు దగ్గర పగులుతుంది. తొడుగు రేకు రంధ్రాన్నే ఆకురాయితో సవరించి, నడుమ రబ్బరు బిళ్ళలు పెట్టి, బోల్టులు వదులుగా ఎక్కించి, నాలుగూ చేరిన తరువాతనే బిగించినారు. ఇట్లా రబ్బరు మీద కూర్చోబెట్టడంవల్ల కుదుపు తగ్గుతుంది. అంతేకాక కారు శరీరంలో పారే విద్యుత్తు అల్యూమినియం గుండా పోయి దానిని తినివేయకుండా కూడ ఉంటుంది.

రెండవ చిక్కు ఫ్యానుది. కొత్త కోరు పాతదానికన్న మందం. ఇంజను తిప్పే ఫ్యాను ఆకులకు, కోరుకు నడుమ వేలెడు సందు కూడ మిగలలేదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతూ ఉంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు వస్తుంది. ఆ క్షణంలో ఫ్యాను కొత్త కోరును కోసివేయగలదు. అందుచేత ఆ ఫ్యానును తీసివేసి, రేడియేటర్ ముందు వైపు, అంటే కారు ముక్కు వైపు, విద్యుత్తుతో తిరిగే ఫ్యానును పెట్టినాము. ముందు నిలబడి గాలిని లోపలికి నెట్టడం దాని పని. దానిని ప్లాస్టిక్ దారాలతో కోరుకే కట్టివేసే అలవాటు ఒకటి ఉన్నది; ఆ దారాలు రాపిడితో గొట్టాలను కోస్తవి. మేము ఇనుప పట్టీలు కోయించి తొడుగుకు బిగించినాము. కోరు చుట్టూ సందులు ఉన్నచోట స్పాంజి పట్టీ అంటించినాము. గాలి కూడ మనిషి వంటిదే. సులువైన దారి ఉంటే కష్టమైన దారిన పోదు.

ఫ్యానుకు వైర్లు కలిపే పని మేము చేసినాము. భౌతికశాస్త్ర పట్టా ఉన్నది మాకే కదా! ఫ్యూజు, రిలే, నీటి వేడిని బట్టి కలిసే స్విచ్చి, అన్నీ పద్ధతి ప్రకారం పెట్టినాము. ఎర్ర తీగ కరెంటు వచ్చే వైపు, నల్ల తీగ కారు శరీరానికి. ఫ్యాను తిరిగినది. అందరూ చప్పట్లు కొట్టినారు. డిస్టిల్డ్ వాటర్ నింపి, లోపల చిక్కుకొన్న గాలి పోవడానికి కారు ముక్కును ఎత్తుగా నిలిపి, మరల నీరు చేర్చి, సాయంకాలానికి కారును రహదారి ఎక్కించినాము.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో వేడి సూచించే ముల్లు ఉండవలసిన చోటనే ఉన్నది. మా మిత్రుని ముఖం వెలిగిపోయినది. తిరిగి వస్తుంటే ఊరి మొదట ధాన్యం ట్రాక్టర్లు అడ్డుపడినవి. వేగం 30కి తగ్గినది. ముల్లు కదలడం మొదలుపెట్టినది. పక్కన నిలిపి ఇంజను నడుస్తుండనిస్తే పెరుగుట కొంత మందగించినది. మరల మెల్లగా నడిపితే పరుగెత్తినది. మిల్లు గేటు చేరేసరికి ఆవిరి. నిలిచినప్పుడు కన్న నడిచేటప్పుడు ఎక్కువ వేడెక్కే కారును మేము ఎరుగము. పెద్దాయన అరుగు మీద నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయినారు. ఆ రాత్రి మా మిత్రుడు భోజనం దగ్గర ఒక్క మాట కూడ మాట్లాడలేదు.

మరునాడు మేస్త్రీ వచ్చినారు. ఇంజను వేడెక్కి ఫ్యాను తిరగనిచ్చి, టీ అంగడిలో బజ్జీలు కట్టి ఇచ్చిన వార్తాపత్రిక ముక్కను కారు ముక్కు ముందు పట్టుకొన్నారు. ఆ కాగితం లోపలికి లాగుకొనిపోయి జాలీకి అతుక్కొనవలెను. అది ఎగిరి వచ్చి మా చొక్కా మీద పడినది. “ఫ్యాను ఎనక్కి తిరగతా ఉండాది సార్” అన్నారు మేస్త్రీ, ఏ వ్యాఖ్యానమూ లేకుండా.

కారణం ఇది. ఈ రోజుల కార్లలో బ్యాటరీ ఋణధ్రువాన్ని కారు శరీరానికి కలుపుతారు. ఈ జాతి కార్లలో 1967 వరకు ధనధ్రువాన్ని శరీరానికి కలిపేవారు. అంటే కరెంటు వచ్చే తీగ ఇందులో ఋణం. మేము అలవాటు కొద్దీ ఎర్రను దానికి కలిపినాము. మోటారు తలకిందులుగా తిరిగినది. నిలిచిన కారులో అది ఇంజను దగ్గరి వేడిగాలినే రేడియేటర్ గుండా బయటికి లాగినది. మెల్లగా పోతున్నప్పుడు ఎదురుగాలి లోపలికి, ఫ్యాను గాలి బయటికి, రెండూ ఢీకొని ఒకదాని నొకటి ఆపివేసినవి. వేగం పెరిగితే ఎదురుగాలి గెలిచినది. ముందునాటి వింత ప్రవర్తన అంతటికీ అర్థం దొరికినది. రెండు తీగలను తారుమారు చేయడానికి రెండు నిమిషాలు పట్టినది. పుస్తకంలో ఈ సూత్రాన్ని మేము ఇరవై ఏండ్ల వయసులో చదివినాము, పరీక్షలో మార్కులు కూడ వచ్చినవి.

అంతటితో అయిపోలేదు. పట్నం లోపల కారు చల్లగా ఉన్నది గాని, ఈసారి రహదారి మీద చెన్నై వైపు ఇరవై కిలోమీటర్లు 90 వేగంతో నడిపేసరికి ముల్లు నిదానంగా, విడువకుండా పైకి పోయినది. మేస్త్రీ అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఇంజను కొళాయి ఇప్పినారా?” లేదు. రేడియేటర్ నీళ్ళు మాత్రమే దించినాము. ఇంజను దిమ్మెకు వెనుకగా, కుడి పక్కన మరొక చిన్న కొళాయి ఉంటుంది. దానిని విప్పితే ఇంజను లోపలి నీరు పడవలెను. విప్పినాము. ఒక్క చుక్క పడలేదు. తీగతో పొడిస్తే మొదట ఎర్రని బురద ముద్దలుగా, తరువాత తుప్పు నీరు బుడబుడ వచ్చినది. సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే ఖాళీలో, వెనుక భాగాన, అరవై ఏండ్ల తుప్పు ఒండ్రు వలె పేరుకొని ఉన్నది. దూరం నుంచే వేడి కొలిచే చిన్న సాధనం ఒకటి మా దగ్గర ఉన్నది. అంతకు ముందే దానితో చూసి ఉంటే ఇంజను వెనుక భాగం ముందు భాగంకన్న ఎంతో వేడిగా ఉన్న సంగతి మాకూ తెలిసేది. ఎంత గొప్ప రేడియేటర్ పెట్టినా, నీరు చేరని చోటి వేడిని అది ఎట్లా తీయగలదు?

ఇక్కడ తొందరపడితే ఎంత నష్టమో చెప్పవలసి ఉన్నది. ఈ ఇంజను తల పోత ఇనుముది. ఒకచోట మితిమీరి వేడెక్కితే గ్యాస్కెట్ కాలిపోతుంది. ఇంకా పోతే తలకే పగులు వస్తుంది. వేడెక్కిన ఇంజను మీద చల్లని నీళ్ళు కుమ్మరించడం ఆ పగులును చేతులారా తెచ్చుకొనడమే. నాయుడుపేటలో ఈ కారుకు మరొక తల దొరకదు. అమ్మివేసే మాట కూడ అప్పుడు ఉండదు, ఎవరూ కొనరు గనుక.

కడగడానికి రెండు రోజులు పట్టినది. సున్నపు పొరను కరిగించడానికి నిమ్మ ఉప్పు నీరు మంచిది. కాని అది అల్యూమినియాన్ని కూడ ముట్టుకొంటుంది. అందుచేత మేస్త్రీ కొత్త రేడియేటర్ను విప్పి పక్కన పెట్టి, కారుతున్న పాతదానికే తాత్కాలికంగా మాటు వేసి మరల ఎక్కించినారు. ఆ మురికినంతా మోసినది పాత రేడియేటరే. నిమ్మ ఉప్పు నీటితో ఇంజనును నడిపి, దించి, తరువాత థర్మోస్టాట్ ఉండే చోటి నుంచి గొట్టంతో మంచినీళ్ళు వదిలి, కింది కొళాయిలో తేటనీరు వచ్చేదాకా కడిగినారు. మిల్లు కూలీలు చూసి, “కారు కడుపు కడగతా ఉండారు” అని నవ్వుకొన్నారు.

థర్మోస్టాట్ మాట వచ్చినది గనుక ఒక సంగతి. ఎండదేశంలో ఇది ఎందుకని చాలమంది మెకానిక్కులు దానిని తీసి పారవేస్తారు. ఈ కారులోనూ తీసివేసి ఉన్నది. అది లేకపోతే ఇంజను చల్లని వేళలో తన వేడికి తాను చేరుకొనదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతవి. ఈ కారుకు మామూలుగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకొనేది, వేడిదేశాలకు 74 దగ్గర తెరుచుకొనేది పెట్టవలెనని తయారుచేసినవారే చెప్పినారు. 74ది తెప్పించి పెట్టినాము.

మూత విషయంలో మేస్త్రీకి, మా మిత్రునికి వాదం జరిగినది. కొత్త రేడియేటర్తో చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడిని నిలిపే మూత వచ్చినది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే వేడి కూడ పెరుగుతుంది; 15 పౌన్ల దగ్గర సుమారు 121 డిగ్రీల దాకా మరగదు. పాత మూత 7 పౌన్లది; దానితో సుమారు 111 డిగ్రీలు. ఎక్కువది మంచిదే కదా అని మిత్రుడు. కొత్త రేడియేటర్ తట్టుకొంటుంది, అరవై ఏండ్ల వాటర్ పంపు తట్టుకొంటుందా అని మేస్త్రీ. మేము ఈసారి మేస్త్రీ పక్షం వహించినాము. 7 పౌన్ల మూతే పెట్టినాము. ఏ మూతైనా సరే, ఇంజను వేడిగా ఉండగా తీయవద్దు. ఒత్తిడి పోయిన మరుక్షణం 100 డిగ్రీలు దాటిన నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి వస్తుంది. కనీసం అరగంట ఆగి, మందపాటి గుడ్డ వేసి, సగం తిప్పి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగిన తరువాతనే తీయవలెను. మేస్త్రీ చేతి మచ్చను చూసినవారికి ఇది మరల చెప్పనక్కరలేదు.

చివరకు నింపినది డిస్టిల్డ్ వాటర్, అందులో మూడవ వంతు కూలెంట్. మంచు పడని మన ప్రాంతంలో కూలెంట్ ఎందుకంటారు. గడ్డకట్టకుండా కాపాడడం దాని పనులలో ఒకటి మాత్రమే. తుప్పును ఆపడం మనకు ముఖ్యం. అల్యూమినియం ఉన్నచోట అది తప్పనిసరి. అయితే ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడుతుందనుకొనడం పొరపాటు. వేడిని మోయడంలో వట్టి నీటికి మించినది లేదు. కూలెంట్ పాలు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది.

జూన్ మొదటి వారంలో, ఇంకా వానజాడ లేని ఒక ఉదయం, పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకొని మా మిత్రుడు బయలుదేరినారు. కారులో మూడవవారికి చోటు లేదు గనుక మేస్త్రీ, మేము వెనుక మరొక కారులో, రెండు క్యానుల నీళ్ళు, తాడు, స్పానర్లు పెట్టుకొని పోయినాము. సూళ్ళూరుపేట వచ్చినది, పోయినది. తడ దగ్గర మేస్త్రీ ముందుకు వంగి ఆ కారు వెనుక భాగాన్నే చూస్తున్నారు. ఆవిరి లేదు. రాష్ట్రపు సరిహద్దు దాటిన తరువాత ఆయన మొదటిసారి సీటుకు ఆనుకొన్నారు.

చోళవరంలో ఇప్పుడు పందేలు లేవు, జనం లేరు. చెన్నైకి తాగునీరిచ్చే పెద్ద చెరువు ఉన్నది. పెద్దాయన దిగి చెరువుకట్ట వైపు చేయి అడ్డం పెట్టుకొని చాలసేపు చూసినారు. ఆ రోజులలో ఎవరెవరు వచ్చేవారో, ఏ మలుపులో ఏ కారు పల్టీ కొట్టినదో చెప్తారని మేము మనసులో కాగితం, కలం సిద్ధం చేసికొన్నాము, రేడియోవారి దురాశ. ఆయన వెనుకకు తిరిగి, “నీళ్ళు ఉండాయా?” అన్నారు. చెరువులోనా, కారులోనా అని మా మిత్రుడు తడబడినారు. మేస్త్రీ మాత్రం, “నిండుగా ఉండాయి అయ్యా, మూత తియ్యబళ్ళా” అని జవాబిచ్చినారు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండు గంటల ఎండలో. టోలు గేటు దగ్గర లారీల వరుసలో పావుగంట నిలిచిపోయినాము. ముందున్న కారులో ఫ్యాను తిరగడం మొదలైన చప్పుడు మాకు వినిపించినది. మా మిత్రుడు అద్దంలోనుంచి చేయి ఊపినారు. ముల్లు ఎక్కడ ఉన్నదో చూపడానికి రెండు వేళ్ళు కొద్ది ఎడంగా పెట్టినారు.

మిల్లు చేరిన మరునాడు షెడ్డులో నేల మీద నాలుగు చుక్కల తడి కనిపించినది. కింది హోసు పైపు క్లిప్పు. కొత్త రబ్బరు మొదటి వేడికి సర్దుకొంటుంది. చల్లారిన తరువాత పావు చుట్టు బిగిస్తే చాలును. మేస్త్రీ బిగించినారు. పోతూ పోతూ పాత రేడియేటర్ ఎక్కడ అని అడిగినారు. రాగి, ఇత్తడి కలిసిన ఆ బరువుకు పాత సామానుల కొట్టులో మంచి ధర వస్తుందని మా మిత్రుడు అప్పటికే తూకం కూడ వేయించి ఉంచినారు. పెద్దాయన దానిని తన గదిలో, మంచం కింద పెట్టించినారు. కోరు కట్టేవారు చెన్నైలో ఒకరున్నారని మేస్త్రీ కబురు తెచ్చినారు. కొలతలు తీసికొనడానికి వచ్చే ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళినారు.